పని అయిపోయింది, బిల్లు రాలేదు: చిన్న సివిల్ కాంట్రాక్టర్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

2025 మార్చిలో తెలంగాణ సచివాలయంలో ఎప్పుడూ చూడని దృశ్యం కనిపించింది. చిన్న కాంట్రాక్టర్లు పెద్ద సంఖ్యలో వచ్చి ఆర్థిక శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి చాంబర్ ముందే నేల మీద బైఠాయించారు. వాళ్లు అడిగింది కొత్త పనులు కాదు. చేసేసిన పనులకు డబ్బులు. బడి గోడలు కట్టినవాళ్లు, సీసీ రోడ్లు వేసినవాళ్లు, పంచాయతీ డ్రైనేజీలు తవ్వినవాళ్లు, చెరువు కట్టలు బాగుచేసినవాళ్లు అందులో ఉన్నారు. అప్పటికి ఏడాది ముందు, 2024 జనవరి ఆఖరుతో పదవీకాలం ముగిసిన సర్పంచులది కూడా ఇదే గోడు. ఊళ్లో పనులు చేయించి, అప్పులు మీద వేసుకుని, బిల్లుల కోసం హైదరాబాద్ చుట్టూ తిరిగారు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు కాదు. 2014-19 మధ్య జరిగిన నీరు-చెట్టు, ఉపాధి హామీ పనుల బిల్లులు ప్రభుత్వం మారాక ఆగిపోయాయి. కాంట్రాక్టర్లు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2021 అక్టోబర్‌లో హైకోర్టు ఉపాధి హామీ బకాయిలను 12 శాతం వడ్డీతో చెల్లించాలని ఆదేశించింది. తర్వాతి ప్రభుత్వం నాడు-నేడు మొదలుపెట్టింది. తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పాత పథకం పేరు పోతుంది. దాంతోపాటు ఆ పథకం కింద పని చేసినవాడి ఫైలు కూడా అడుగుకు పోతుంది. రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీకీ దీన్నుంచి మినహాయింపు లేదు.

ఈ వార్త ముస్లిం కుటుంబాలకు దూరపు వార్త కాదు. సొంత పని మీద బతికే కుటుంబాలు ముస్లింలలో ఎక్కువని, బ్యాంకు అప్పు మాత్రం వాళ్లకు తక్కువగా అందుతోందని 2006లోనే సచార్ కమిటీ రాసింది. నిజామాబాద్, కరీంనగర్, నల్గొండ, కర్నూలు, కడప, గుంటూరు, ఏ ఊరు తీసుకున్నా సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, వెల్డింగ్ పనుల్లో మన పిల్లలు కనిపిస్తారు. అందులో నుంచే కొందరు మేస్త్రీ స్థాయి దాటి సబ్ కాంట్రాక్టర్ అవుతారు. ఇంకొందరు లైసెన్స్ తీసుకుని సొంతంగా టెండర్ వేస్తారు. సౌదీలోనో ఖతర్‌లోనో సైట్ ఇంజినీరుగా, ఫోర్‌మన్‌గా పనిచేసి తిరిగొచ్చి, దాచుకున్న పది ఇరవై లక్షలతో ఫర్మ్ పెట్టినవాళ్లూ ఉన్నారు. పని తెలుసు, కష్టం తెలుసు. దెబ్బతినేది లెక్క దగ్గర.

బిల్లు నడిచే దారి

సర్కారు పనిలో డబ్బు చేతికి రావడానికి చాలా గుమ్మాలు దాటాలి. ముందు అసిస్టెంట్ ఇంజినీర్ వచ్చి కొలతలు తీసి మెజర్‌మెంట్ బుక్‌లో రాయాలి. అందరూ ఎం-బుక్ అనేది దాన్నే. ఆ కొలతలను డీఈ, ఈఈ తమ స్థాయిలో సరిచూడాలి. క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు జతకావాలి. అప్పుడు బిల్లు పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో, ట్రెజరీకో వెళ్తుంది. ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది. టోకెన్ నంబర్ పడుతుంది. టోకెన్ పడితే డబ్బు వచ్చినట్టే అని కొత్తవాళ్లు అనుకుంటారు. అసలు నిరీక్షణ మొదలయ్యేది అక్కడే. ఆర్థిక శాఖ నిధులు వదిలేదాకా ఆ టోకెన్ ఒక నంబర్ మాత్రమే.

ఈ దారిలో సగం ఆలస్యం ప్రభుత్వానిది. దాన్ని కాంట్రాక్టర్ ఏమీ చేయలేడు. మిగతా సగంలో కొంత మాత్రం కాంట్రాక్టర్ చేతిలోనే ఉంటుంది. పునాది గుంత పూడ్చేశాక లోతు ఎంతో ఎవరు చెబుతారు? స్లాబ్ పోశాక లోపలి రాడ్లు ఎవరు లెక్కపెడతారు? కనిపించకుండా పోయే కొలతలను పూడ్చకముందే ఏఈతో రాయించుకోవాలి. తేదీ పడేలా ఫోటోలు తీసిపెట్టుకోవాలి. "ఇంకో పది మీటర్లు కూడా వేసెయ్, తర్వాత చూసుకుందాం" అని సైటులో నోటిమాటగా చెప్పిన అదనపు పని సప్లిమెంటరీ అగ్రిమెంట్ లేకపోతే బిల్లులోకి రాదు. ఆ మాట చెప్పిన ఏఈ ఆర్నెల్లలో బదిలీ అయిపోతాడు. గడువు దాటితే ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్ రాయించుకోకపోతే, ఆలస్యానికి కారణం డిపార్టుమెంటే అయినా జరిమానా కాంట్రాక్టర్ మీద పడుతుంది.

ముస్లిం ఇళ్లలో పిల్లలు ఖురాన్ చదువుతూ సూరా బఖరాలో 282వ ఆయత్ దగ్గరికి వస్తారు. ఖురాన్‌లోని అన్నిటికంటే పొడవైన ఆయత్ అది. గడువు పెట్టుకుని చేసే అప్పు వ్యవహారాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా రాయడానికి బద్ధకించవద్దని చెప్పే ఆయత్ అది. దాన్ని అందరూ తిలావత్ చేస్తారు. సైటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మనోడే కదా, రాసేదేముంది" అంటారు.

నలభై లక్షల పని లెక్క

ఒక ఉదాహరణ వేసి చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. అంచనా విలువ 40 లక్షల రూపాయల సీసీ రోడ్డు, డ్రైనేజీ పని అనుకుందాం. ప్రభుత్వ రేట్ల పట్టిక, అంటే ఎస్ఎస్ఆర్ ప్రకారం కట్టే అంచనాలో కాంట్రాక్టర్ లాభం, ఓవర్‌హెడ్ ఖర్చులు కలిపి దాదాపు 14 శాతం ఉంటాయి. అంటే 40 లక్షల్లో అసలు ఖర్చు సుమారు 35 లక్షల 9 వేలు. మిగతా 4 లక్షల 91 వేలు ఆఫీసు ఖర్చులకూ, లాభానికీ.

ఇప్పుడు టెండర్‌లో పోటీ వచ్చింది. పని దక్కాలని ఫర్మ్ 12 శాతం లెస్ వేసింది. ఒప్పందం విలువ 35 లక్షల 20 వేలకు దిగింది. కాగితం మీద లాభం, ఓవర్‌హెడ్ కలిపి మిగిలింది 11 వేల రూపాయలు. సంతకం పెట్టిన రోజే లాభం పోయింది.

కాంట్రాక్టర్ మాత్రం అలా అనుకోడు. సిమెంటు హోల్‌సేల్‌లో తెస్తాను, మిల్లర్ సొంతదే ఉంది, లేబర్‌ను పాలమూరు నుంచి మనమే తెచ్చుకుంటాం, ఎస్ఎస్ఆర్ కంటే తక్కువలో పని లాగేస్తాను అనుకుంటాడు. చాలామంది నిజంగానే లాగుతారు కూడా. పని 31 లక్షల 50 వేలలో పూర్తయిందనుకుందాం. అంటే 3 లక్షల 70 వేలు మిగులు. ఇంతవరకు బాగానే ఉంది.

ఆ 31 లక్షల 50 వేలు ఎక్కడినుంచి వచ్చాయన్నది తర్వాతి ప్రశ్న. సొంత డబ్బు 8 లక్షలు. సిమెంటు, స్టీలు డీలర్ల దగ్గర ఉద్దెర 8 లక్షల 50 వేలు. మిగతా 15 లక్షలు చేబదులు, నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే నెలకు 30 వేలు. బిల్లు మూడు నెలల్లో వస్తే 90 వేలు పోతాయి, ఫర్వాలేదు. పన్నెండు నెలలు పడితే 3 లక్షల 60 వేలు పోతాయి. మిగులు 10 వేలు. పదమూడో నెల నుంచి ఇంట్లోనుంచి కట్టాలి.

ఇంకా రిటెన్షన్ లెక్కలోకి రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో బిల్లులోనుంచి 7.5 శాతం దాకా సెక్యూరిటీ డిపాజిట్‌గా పట్టుకుంటారు. ఈ పనిలో అది 2 లక్షల 64 వేలు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు, మామూలు పనులకు రెండేళ్లు అనుకుంటే, అది ముగిసేదాకా ఆ డబ్బు రాదు. పీఎంజీఎస్‌వై రోడ్డయితే ఐదేళ్ల మెయింటెనెన్స్ బాధ్యత కూడా కాంట్రాక్టర్‌దే. కాబట్టి బిల్లు అనుకున్న సమయానికే వచ్చినా వడ్డీ తీయకముందు చేతికొచ్చే లాభం లక్ష రూపాయల చుట్టూనే. దాన్ని చూసి 3 లక్షల 70 వేలు సంపాదించామనుకుని ఇంట్లో పెళ్లి పెట్టుకుంటే ఆ పెళ్లి ఖర్చు తర్వాతి పనికి వచ్చిన అడ్వాన్సులోనుంచి పోతుంది. చిన్న ఫర్మ్‌లు మునిగేది ఇలాగే. నష్టాల వల్ల మునిగినవాటికంటే లాభం కనిపిస్తూనే చేతిలో నగదు లేక మునిగినవి ఎక్కువ.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. డబ్బు ఆగిపోయినప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, ఇంకో పని పట్టుకుంటారు. కొత్త పని మొదటి బిల్లుతో పాత పని అప్పు తీర్చవచ్చని. ఆ పని దక్కడానికి ఇంకా ఎక్కువ లెస్ వేస్తారు. రెండు సైట్లు, మూడు సైట్లు, అన్నీ సగంలో. చేతిలో పూర్తికాని పనులు ఎక్కువైతే పెద్ద టెండర్లలో చూసే బిడ్ కెపాసిటీ కూడా తగ్గిపోతుంది. ఊపిరి పీల్చుకోవడానికి ఒక సీజన్ పని మానుకున్న ఫర్మ్ బతికిన ఉదాహరణలు ప్రతి జిల్లాలో దొరుకుతాయి. సైట్లు పెంచుకుంటూ పోయి అప్పులు తీర్చిన ఉదాహరణలు వెతకాలి.

జీఎస్టీ: రాని డబ్బు మీద కట్టే పన్ను

ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జూలై 18 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. మట్టి పనే ప్రధానమైన వర్క్స్ కాంట్రాక్టులకు ముందు 5 శాతం ఉండేది, అప్పుడు 12 అయింది. 2025 సెప్టెంబర్ 22న వచ్చిన కొత్త శ్లాబుల్లో అవి కూడా 18కి చేరాయి. అదే రోజున సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది శుభవార్త. చెరువు పూడిక, కాలువ మట్టి పని చేసే చిన్న కాంట్రాక్టర్‌కు మాత్రం సిమెంటు పెద్దగా అక్కర్లేదు, పన్ను మాత్రం పెరిగింది. మధ్యలో ఉన్న ఒప్పందాల్లో ఆ తేడాను ఎవరు భరించాలన్నది ఒప్పందంలో రాసుకున్న మాటల మీద ఆధారపడుతుంది.

పై ఉదాహరణలోనే 35 లక్షల 20 వేల మీద 18 శాతం అంటే సుమారు 6 లక్షల 34 వేలు. సిమెంటు, స్టీలు 14 లక్షలకు బిల్లులతో కొంటే 2 లక్షల 52 వేలు క్రెడిట్ వస్తుంది. బిల్లు లేకుండా కొన్న ఇసుక, కంకరకు, కూలీకి క్రెడిట్ రాదు. కాబట్టి జేబులోనుంచి కట్టాల్సింది 3 లక్షల 82 వేలు. ఎప్పుడు కట్టాలన్నదే అసలు గొడవ. ఒప్పందంలో చెల్లింపు తేదీ తెలియకపోతే డబ్బు అందినప్పుడు ఇన్‌వాయిస్ ఇవ్వవచ్చని చట్టంలో ఉంది. చెల్లింపు ఒక దశ పూర్తికావడంతో ముడిపడి ఉంటే ఆ దశ పూర్తయినప్పుడే ఇవ్వాలి. ఒప్పందం ఏ రకం అన్నది చూసుకోకుండా ఎం-బుక్ రాయగానే ఇన్‌వాయిస్ కొట్టేస్తే, సర్కారు పైసా ఇవ్వకముందే సర్కారుకు పన్ను కట్టాలి. కట్టకపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ. విసుగొచ్చి రిటర్నులు మానేస్తే, వరుసగా ఆరు నెలలు దాటాక రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. అది రద్దయితే కొత్త టెండర్‌కు అర్హతే పోతుంది.

ఆడిటర్ దగ్గరికి మార్చి నెలలో వెళ్లే అలవాటు ఇక్కడే దెబ్బకొడుతుంది. ఒప్పందం మీద సంతకానికి ముందు ఒకసారి చూపిస్తే రెండు మూడు వేలు ఖర్చవుతాయి. డబ్బు ఇచ్చేటప్పుడు డిపార్టుమెంట్ కోసుకునే ఆదాయపు పన్ను టీడీఎస్ ఒంటరి యజమానికి ఒక శాతం, ఫర్మ్‌కు రెండు శాతం. రెండున్నర లక్షలు దాటిన ఒప్పందాలకు జీఎస్టీ టీడీఎస్ మరో రెండు శాతం. ఇవి రెండూ పోయే డబ్బులు కావు, రిటర్నులు వేస్తే సర్దుబాటు అవుతాయి. రిటర్ను వేయక ఏళ్ల తరబడి ఆ డబ్బును వదిలేసినవాళ్లు ఎంతోమంది. ఒక శాతం లేబర్ సెస్ మాత్రం తిరిగి రాదు. అంచనాలో విడిగా చూపించకపోతే టెండర్ వేసేటప్పుడే లెక్కలో కలుపుకోవాలి.

వడ్డీకి ఇంకో పేరు

పైన చెప్పిన చేబదులు విషయంలో ముస్లిం కుటుంబాలకు ఇంకో బరువు ఉంది. వడ్డీ హరామ్ అని తెలుసు. అందుకే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌కు చాలామంది వెళ్లరు. ఇది ఈమాన్‌కు సంబంధించిన విషయం, దాన్ని గౌరవించాల్సిందే. కానీ బ్యాంకుకు వెళ్లనివాళ్లు వెళ్లేదెక్కడికి? బావమరిది దగ్గరికి, పిన్నమ్మ కొడుకు దగ్గరికి, దుబాయ్‌లో ఉన్న స్నేహితుడి దగ్గరికి. "మన ఫర్మ్‌లో పార్టనర్‌గా పెట్టు, లక్షకు నెలకు రెండు వేలు లాభం ఇస్తాం" అంటారు. పని ఆగినా, బిల్లు రాకపోయినా, నష్టమొచ్చినా ఆ రెండు వేలు ఇవ్వాల్సిందే. దీన్ని ముషారకా అంటారు కొందరు. ముషారకాలో లాభం నిష్పత్తిలో పంచుకోవాలి, నష్టం పెట్టుబడిని బట్టి భరించాలి. అసలుకు హామీ ఇచ్చి, నెలకు ఇంత అని ముందే ఖాయం చేస్తే దాని పేరేదైనా అది వడ్డీయే అని ఉలమా స్పష్టంగా చెబుతారు. బ్యాంకు నుంచి తప్పించుకుని, బ్యాంకుకు రెట్టింపు రేటుకు, అదీ చుట్టాల దగ్గర తీసుకోవడం ఇందులోని విచిత్రం. 2018లో హైదరాబాద్ కేంద్రంగా బయటపడ్డ "హలాల్ పెట్టుబడి" కేసులో నెలనెలా లాభం ఆశతో డబ్బు పెట్టిన కుటుంబాల గతి ఏమైందో ఈ సైటు పాఠకులకు గుర్తుచేయనక్కర్లేదు.

నిజమైన ముషారకా ఒక్కో పనికి విడిగా చేయడం సివిల్ పనుల్లో కష్టం కాదు. ఒక రోడ్డు, ఒక స్కూలు గది, ఒక ఖాతా. ఎవరు ఎంత పెట్టారు, ఖర్చు బిల్లులు ఎవరు దాచుకోవాలి, పని చూసుకునేవాడికి లాభంలో ఎంత వాటా, రిటెన్షన్ డబ్బు రెండేళ్ల తర్వాత వస్తే ఎలా పంచుకోవాలి, ఇవన్నీ స్టాంపు కాగితం మీద. అయితే పెట్టుబడి పెట్టే చుట్టానికి నష్టం కూడా నాదే అన్న మాట నచ్చాలి. అది నచ్చేవాళ్లు తక్కువ. ఈ మాట పెద్దలు ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోవాల్సినదే. డబ్బు పెట్టిన అక్కాబావలతో ఈద్ రోజు కూడా మాటల్లేని కుటుంబాలు ఈ వ్యాపారంలో లెక్కకు మించి ఉన్నాయి.

ఇంకో అలవాటు, ఇల్లూ ఫర్మూ ఒకే సంచి. సైటు డబ్బులోనుంచి పిల్లల ఫీజు, ఇంటి డబ్బులోనుంచి జేసీబీ డీజిల్. భార్య నగలు తాకట్టులో. మెహర్‌గా ఇచ్చిన బంగారం ఆమె సొంత ఆస్తి. దాన్ని ఫర్మ్‌లో పెడితే అది ఆమె ఇచ్చిన ఖర్జ్, లేదా ఆమె వాటా. చాలా ఇళ్లలో అది ఎక్కడా రాసి ఉండదు. యజమాని నెలకు తనకు ఇంత జీతం అని పెట్టుకుని, అంతకుమించి ముట్టుకోకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఫర్మ్‌కు అసలు లాభం ఉందా లేదా అన్నది తెలిసేది అప్పుడే.

తండ్రి పోతే ఫర్మ్ ఎవరిది?

చిన్న ఫర్మ్‌లలో ఎక్కువ భాగం ఒక్కరి పేరు మీదే నడుస్తాయి. లైసెన్స్ అబ్బాజాన్ పేరు మీద, పనిచేసేది ఇద్దరు కొడుకులు. ఆయన కన్నుమూస్తే రిజిస్ట్రేషన్, క్లాసు, పని అనుభవం సర్టిఫికెట్లు కొడుకులకు దానంతట అవే రావు. ఇరవై ఏళ్ల అనుభవం పోయి కొడుకు అడుగు క్లాసు నుంచి మొదలుపెట్టాలి. రావాల్సిన బిల్లు కోసం వారసత్వ కాగితాలు కావాలి. ఆ బిల్లులో షరీఅత్ ప్రకారం తల్లికి, ఆడపిల్లలకు వాటా ఉంటుంది. అప్పులు తీర్చాకే పంపకం. అప్పులు రాసి లేకపోతే, ఎవరు వచ్చి ఎంత అడిగినా నమ్మాలి, లేదా గొడవపడాలి.

హిందూ కుటుంబ వ్యాపారాలు వాడుకునే అవిభక్త కుటుంబం, హెచ్‌యూఎఫ్ అనే పన్ను ఏర్పాటు ముస్లింలకు లేదు. అందుకే రాతపూర్వక భాగస్వామ్యం మన ఇళ్లకు ఇంకా ముఖ్యం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఒక భాగస్వామి చనిపోగానే ఫర్మ్ రద్దయినట్టే. డీడ్‌లో ఫర్మ్ కొనసాగుతుందని ఒక్క వాక్యం రాసి ఉంటే మిగతావాళ్లు నడుపుకోవచ్చు. ఆ ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే ఒప్పందం అమలు కోసం బయటివాళ్ల మీద దావా వేయడానికి చట్టంలోని 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. నోటరీ చేయించిన డీడ్ చాలు అనుకునేవాళ్లకు ఈ తేడా కోర్టుకు వెళ్లినప్పుడే తెలుస్తుంది.

కూలీల వైపు లెక్క

2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాంట్రాక్టు లేబర్ లైసెన్స్ నిబంధన ఇరవై మంది దగ్గర మొదలయ్యేది ఇప్పుడు యాభై దగ్గర మొదలవుతుంది. చిన్నవాళ్లకు ఇది ఊరటే. అయితే రోజు కూలీకి ఆ రోజు పని అయిపోగానే, వారం కూలీకి వారం చివరి పనిరోజున, నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలి. మేస్త్రీకి గుత్తగా డబ్బిచ్చాం, అతను కూలీలకు ఇవ్వకపోతే మాకేం సంబంధం అనడం కుదరదు. పని ఇచ్చిన ఫర్మ్ మీదకు బాధ్యత వస్తుంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ బోధ తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. కష్టమల్లా బిల్లు ఏడాదికి, కూలి సాయంత్రానికి అన్న తేడాలోనే ఉంది. ఆ తేడాను పూడ్చేది ఫర్మ్ దగ్గర విడిగా పెట్టుకున్న నగదు. అది లేకుండా టెండర్ వేస్తే చివరికి నలిగేది ఒడిశా నుంచో, పాలమూరు నుంచో వచ్చిన కూలీ.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న చట్టం ఉంది కదా అని చాలామంది అడుగుతారు. 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అని కూడా ఉంది. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) వచ్చాక, చిన్న సంస్థలకు గడువులో చెల్లించని కంపెనీలకు ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో రాదు. ఈ ఒత్తిడి పనిచేసేది పన్ను కట్టే ప్రైవేటు కంపెనీల మీద. పంచాయతీరాజ్ శాఖకు ఆదాయపు పన్ను భయం ఉండదు. పైగా సామాను, కూలీ కలిసిన వర్క్స్ కాంట్రాక్టులు ఈ చట్టం కిందికి రావని పలు హైకోర్టులు తీర్పులిచ్చాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఖర్చులేని పని, తీసుకోవడం మంచిదే. పెద్ద బిల్డర్ దగ్గర సబ్ కాంట్రాక్టు చేసేవాళ్లకు అది ఉపయోగపడే అవకాశం ఎక్కువ. సర్కారు బిల్లు దగ్గర దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

మిగిలేది కోర్టు. అధికారులే ఒప్పుకున్న బకాయి, అంటే ఎం-బుక్ పూర్తయి టోకెన్ పడిన బిల్లు అయితే హైకోర్టులో రిట్ వేయడానికి బలం ఉంటుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయేది గడువు. చేసిన పనికి డబ్బు కోసం సివిల్ దావా వేయడానికి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లే. ఆ లోపు డిపార్టుమెంట్ బకాయి ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. "ఎలక్షన్ అయ్యాక వస్తాయి, ఉగాదికి వస్తాయి" అని నోటిమాటలతో నాలుగేళ్లు గడిపేస్తే హక్కే చేజారవచ్చు. ఏడాదికోసారి బకాయి గురించి లెటర్ పెట్టి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని, జవాబు రాయించుకోవడానికి ప్రయత్నించడం ఎవరైనా చేయగలిగిన పని. సమాచార హక్కు దరఖాస్తుతో కూడా బిల్లు ఏ దశలో ఉందో కాగితం మీద తెప్పించుకోవచ్చు.

పక్క రాష్ట్రం కర్ణాటక 2025 మార్చిలో ఇంకో దారి పట్టింది. రెండు కోట్ల రూపాయల లోపు ప్రభుత్వ పనుల్లో ముస్లింలకు 2బి కేటగిరీ కింద 4 శాతం కోటా ఇచ్చే సవరణ బిల్లును అసెంబ్లీ ఆమోదించింది. ఎస్సీ, ఎస్టీ, ఇతర వెనుకబడిన వర్గాలకు కూడా అదే చట్టంలో కోటా ఉంది. ఏప్రిల్‌లో గవర్నర్ దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. దాని మీద రాజకీయ రచ్చ చాలా జరిగింది. తెలంగాణలో, ఏపీలో కూడా అలాంటిది కావాలన్న డిమాండ్ వినిపిస్తోంది. అవకాశం దక్కడం ముఖ్యమే, కాదనలేం. అయితే బిల్లు ఏడాదిన్నర ఆగే వ్యవస్థలో, పెట్టుబడి లేని కొత్త కాంట్రాక్టర్‌కు కోటాలో వచ్చిన పని వరం కాదు, ఉరి కూడా కావచ్చు. చిన్న బిల్లులు టోకెన్ తేదీ వరుసలోనే చెల్లించాలి, ఆ వరుస అందరికీ ఆన్‌లైన్‌లో కనిపించాలి అన్న డిమాండ్ కోటాకంటే ముందు రావాలి. దానికి మతం, కులం అడ్డురావు. పది లక్షల పని చేసిన ప్రతి ఒక్కరూ దాని వెనుక నిలబడతారు.

అది వచ్చేదాకా కొన్ని ఫర్మ్‌లు తమ దారి చూసుకుంటున్నాయి. ఏడాది పనుల్లో సర్కారు వాటా సగానికి మించనివ్వడం లేదు. మిగతాది అపార్టుమెంట్ ప్లాస్టరింగ్, కాంపౌండ్ గోడలు, మసీదు, మదర్సా మరమ్మతులు, చిన్న ఫ్యాక్టరీ షెడ్లు. లాభం తక్కువే, కానీ పదిహేను రోజులకోసారి డబ్బు తిరుగుతుంది. టెండర్ ముందు బిల్లు పన్నెండు నెలలు ఆలస్యమవుతుందని లెక్కవేసి, ఆ లెక్కలో నష్టం కనిపిస్తే షెడ్యూల్ కొనడం మానేస్తున్నారు. ఒకే పనికి ముగ్గురు నలుగురు చిన్న కాంట్రాక్టర్లు పోటీపడి ఇరవై శాతం లెస్‌కు దిగే ఊళ్లలో, వాళ్లలో ఇద్దరైనా ఈ లెక్క వేసుకుని వెనక్కి తగ్గితే మూడోవాడికి కూడా గిట్టుబాటు రేటు దక్కుతుంది.